మళ్ళీ తీర్మానం చేసుకోవద్దు తమ్ముడూ

తమ్ముడూ, వందనాలు. రాసిన తీరు చూస్తే మా పెద్దబ్బాయి కన్నా చిన్నవాడివని తెలుస్తోంది. అందుకే చనువుగా నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

నీ ప్రశ్న చదవనివాళ్ళ కోసం ముందు నాలుగు మాటల్లో చెప్తాను. నీది నరసాపురం దగ్గర పల్లె. కొన్నేళ్ళ క్రితం జనవరి ఉజ్జీవ కూటాల్లో, ఇకమీదట ప్రభువు కోసమే బతుకుతానని తీర్మానం చేసుకుని బాప్తిస్మం తీసుకున్నావు. మొదటి ఏడాది బాగా నడిచింది. తర్వాత పెళ్ళి, అప్పులు, రొయ్యల చెరువు మీద రాత్రి డ్యూటీ. ప్రతి జనవరి కూటాల్లో మళ్ళీ ముందుకెళ్ళి మోకరించి ఏడవడం, తీర్మానం కార్డు నింపడం, ఈస్టరుకి ముందు శ్రమదినాలు వచ్చేసరికి చల్లారిపోవడం. కిందటి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నీకు వచ్చిన వాగ్దానం కార్డులో, అదే కొత్త ఏడాదికని ఇచ్చే బైబిలు వచనంలో, ఆశీర్వాదం అని ఉంది. ఏప్రిల్లో వైట్ స్పాట్ అనే రొయ్యల రోగం వచ్చి చెరువు పోయింది. ఉన్నకాడికి రొయ్యలు పట్టేసి పట్టుబడి చేసిన రోజు నలుగురితో కూర్చుని మందు తాగావు. అప్పట్నుంచి గుడి మొహం చూడలేదు. పైగా ఇంట్లోవాళ్ళు, తమ్ముడి ఎస్సీ సర్టిఫికెట్‌కి అడ్డం రాకుండా, అతని ఉద్యోగం అయ్యేదాకా సంఘం పుస్తకంలోంచి నీ పేరు తీయించుకోమంటున్నారు. నువ్వు అడిగినవి మూడు: నా రక్షణ నిజమేనా, మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలా, ఈ జనవరిలో ఆఖరిసారిగా చేసుకునే తీర్మానం నిలబడాలంటే ఏం చేయాలి.

నేను పాలకొల్లు వైపు బడిపంతులుగా చేసి రిటైర్ అయినవాణ్ణి. సంఘంలో సండేస్కూలు, యౌవనస్థుల కూడిక చాలా ఏళ్ళు చూసుకున్నాను. పాస్టర్ని కాదు, వేదాంతం చదువుకోలేదు. మా బావమరిదికి చెరువులున్నాయి కాబట్టి గట్టు మీద రాత్రి ఎలా గడుస్తుందో మాత్రం కొంచెం తెలుసు.

మూడో ప్రశ్నతో మొదలెడతాను, ఎందుకంటే మిగతా రెండూ దాంట్లోంచే పుట్టాయి. ఈ జనవరిలో తీర్మానం చేసుకోవద్దు. కూటాలకి వెళ్ళు, వాక్యం విను. తీర్మానానికి ముందుకు రమ్మని పిలుపు ఇచ్చినప్పుడు లేవకు. కార్డు చేతిలో పెడితే మడిచి జేబులో పెట్టుకో. ఇది వినడానికి అపచారంలా ఉంటుందని తెలుసు. కానీ నీలాంటి కుర్రాళ్ళని చాలామందిని చూశాను. తీర్మానం లేక పడిపోయినవాడు వాళ్ళలో దాదాపు లేడు. ఒక్కొక్కడి దగ్గరా ఒకటికి నాలుగు తీర్మానాలున్నాయి. ఆదివారం రాత్రితో కూటాలు అయిపోతాయి. సోమవారం ఆ వేడి ఇంకా ఉంటుంది. మంగళవారం ఏం చేయాలో ఎవరూ చెప్పరు, వీడూ అడగడు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర విగ్రహానికి ఇప్పటికీ దండలు వేస్తాం, వెయ్యాల్సిందే. కానీ మన శివారు చేలకి నీళ్ళు అందుతాయా లేదా అన్నది ఒక్క ఆనకట్టతో తేలదు. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేసి, పూడిక తీసి, గుర్రపుడెక్క, తూడు లాగి గట్టున పడేస్తేనే, జూన్‌లో వదిలిన నీరు ఆఖరి బోదె దాకా వస్తుంది. ఆ పని సరిగ్గా చేయని ఏడాది శివారు రైతులు ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. అప్పుడు కూడా పూడిక తీయమనే అడుగుతారు గానీ, ఇంకో ఆనకట్ట కట్టమని ఒక్కడూ అడగడు. నువ్వు మాత్రం ఏటా జనవరిలో కొత్త ఆనకట్ట కడుతున్నావు. పూడిక ఎక్కడిదక్కడే ఉంది.

ఆ మొదటి తీర్మానం నిజమైనదే అయితే, నువ్వు రాసింది చదివితే నిజమైనదే అనిపిస్తోంది, దాన్ని మళ్ళీ మళ్ళీ చేయక్కర్లేదు. సిలువ ఎత్తుకోవడం ప్రతిదినం పని అని ప్రభువు చెప్పాడు (లూకా 9:23). ఏడాదికోసారి స్టేజీ ముందు ఎత్తుకుని ఇంటికెళ్ళాక గోడకి ఆనించేది కాదు కదా.

ఇక్కడ కూటాలు పెట్టేవాళ్ళ మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది, చెప్పకుండా ఉండలేను. లూకా 14లో జనం గుంపులుగా వెనక వస్తుంటే ప్రభువు వెనక్కి తిరిగి వాళ్ళని ఆపి, గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోడా అని అడిగాడు. మన స్టేజీల మీద ఆ లెక్క ఎవరూ వేయించరు. మ్యూజిక్ మెల్లగా వాయిస్తూ, తలలు వంచమని, చేతులెత్తమని చెప్తారు. కుర్రాడు దేనికి చేయెత్తాడో వాడికీ తెలియదు. మన డెల్టాలో ఆ ఖర్చు ఏమిటో పేరు పెట్టి చెప్పాలి. కట్నం తీసుకోకుండా పెళ్ళి చేసుకుంటావా? అమ్మానాన్న బతిమాలినా? మేత కంపెనీ వాడు లోపాయికారీగా ఇచ్చే కమిషన్ వద్దంటావా? పట్టుబడి రోజు మందు దగ్గరనుంచి లేచి వస్తావా? మన గుడికే వచ్చేవాళ్ళలో, మనకన్నా తక్కువ అని ఊరు అనుకునేవాళ్ళ ఇంట్లో కూర్చుని అన్నం తింటావా? ఈ చివరిదానికి తలవంచుకునే సంఘాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఇవి ముందే విన్నవాడు లేస్తే, ఆ లేవడానికి విలువ ఉంటుంది.

ఖర్చు అన్నాం కాబట్టి మీ ఇంట్లో నడుస్తున్న గొడవ దగ్గరికి వస్తాను. చాలామంది ఈ విషయం రాయడానికే భయపడతారు, నువ్వు రాశావు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితం. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఆ కులాల్లోంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళని మన రాష్ట్రంలో వెనకబడిన తరగతుల్లో బీసీ-సి అనే విభాగం కింద లెక్కిస్తారు, వాళ్ళకి ఉన్నది ఒక శాతం రిజర్వేషను. దీనివల్ల ఎన్ని ఇళ్ళల్లో సర్టిఫికెట్ ఒకలా, ఆదివారం ఒకలా నడుస్తోందో నీకు నేను చెప్పక్కర్లేదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్ళో ఎవడూ కులం మర్చిపోడు, పేట మారదు, మరి చట్టం ఎందుకు ఇలా ఉందంటే నా దగ్గర జవాబు లేదు. నా మటుకు నాకు ఇది అన్యాయమే. అందుకే ఈ విషయంలో స్టేజీ ఎక్కి తిట్టేవాళ్ళ మాట పట్టించుకోకు, వాళ్ళలో చాలామందికి ఆ సర్టిఫికెట్ అవసరం ఎప్పుడూ పడలేదు.

అయినా ఒక మాట. పుస్తకంలోంచి పేరు కొట్టేయించుకుని, మనసులో మాత్రం నమ్ముతాను అని సర్దుకున్నవాళ్ళని చూశాను. మొదట పేరు పోతుంది, తర్వాత ఆదివారాలు పోతాయి, పిల్లలు పుట్టాక వాళ్ళకి చెప్పడానికి ఏమీ మిగలదు. సర్టిఫికెట్ తమ్ముడిది, బాప్తిస్మం నీది. నీ పేరు ఆ పుస్తకంలో ఉంటే అతని ఉద్యోగానికి నిజంగా అడ్డమా కాదా అన్నది తెలిసిన వకీలుని అడగండి. రచ్చబండ దగ్గర విన్నది పట్టుకుని పేరు తీయించుకోకు. అతను ఏం చేయాలన్నది అతని మనస్సాక్షి తేల్చుకోవాలి, దానికి నువ్వు న్యాయమూర్తివి కావు.

వాగ్దానం కార్డు సంగతి. ఆ ఆచారం మీద నాకు కోపం లేదు, మా ఇంట్లో కూడా అద్దానికి గుచ్చి ఉంటుంది. కార్డు మీది వచనం సత్యమే. కాకపోతే అది మీ చెరువు మీద, ఆ ఏడాది కౌంట్ మీద (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క మీద) చెప్పిన జోస్యం కాదు. నువ్వు దాన్ని అలా చదువుకున్నావు, అలా చదవమని నీకు ఎవరో నేర్పారు. ఇంకెవరో ‘విశ్వాసం తక్కువై చెరువు పోయింది’ అన్నారని రాశావు. వైట్ స్పాట్ వైరస్. చెరువులో వదిలే రొయ్య పిల్లతో వస్తుంది, పక్క చెరువు నీళ్ళతో వస్తుంది, పీతలు, పక్షులు మోసుకొస్తాయి. గట్టుకి అవతల వాళ్ళ చెరువు కూడా పోయిందని నువ్వే రాశావు కదా, మరి వాళ్ళ విశ్వాసం ఎంతో ఆ మాట అన్నాయన చూశాడా? హబక్కూకు మూడో అధ్యాయం చివర చదువు. పొలం పండలేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు అని ఒక్కొక్కటే లెక్కపెట్టి, అయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అన్నాడు. పోయినవి పోలేదని బుకాయించలేదు. నష్టం నష్టమే అని ఒప్పుకుని ప్రార్థన చేయొచ్చు. నాకు తెలిసి నువ్వు ఏప్రిల్ నుంచి ఆ ప్రార్థన చేయలేదు. దేవుడి మీద అలిగి, ఆ అలకని ‘చల్లారిపోయాను’ అని రాశావు. అలిగిన సంగతి ఆయనకే చెప్పు. కీర్తనల్లో సగం అవే.

మీ గుడి గోడ మీద మిషనరీ దొరల పేర్లు చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది, వాళ్ళ భక్తి ఎక్కడ మనదెక్కడ అన్నావు. ఆ పేర్లు ఎవరివో కొంచెం తెలుసుకుంటే అంత సిగ్గుపడవు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీతో పాటు ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతం నుంచి బయల్దేరి వచ్చిన విలియం బౌడెన్ రాతిపని మేస్త్రీ, జార్జ్ బీర్ చెప్పులు కుట్టేవాడు. వెనక జీతం ఇచ్చే సొసైటీ లేదు. మచిలీపట్నం మీదుగా నరసాపురం, పాలకొల్లు చేరారు. బౌడెన్ 1876లో చనిపోయేదాకా, అంటే దాదాపు 40 ఏళ్ళు, ఈ పనిలోనే ఉన్నాడు. ఆ 40 ఏళ్ళల్లో ఎక్కువ రోజులు ఎలా గడిచాయనుకుంటున్నావు? తెలుగు కూడబలుక్కోవడం, బడి నడపడం, సంతలో నిలబడి మాట్లాడితే వినేవాళ్ళు విన్నారు, నవ్వేవాళ్ళు నవ్వారు. మర్నాడు మళ్ళీ అదే. రాజమండ్రిలో లూథరన్ మిషన్‌ని ఇంకెవరికో అప్పగించేద్దాం అని అమెరికాలో అనుకుంటుంటే, 1869లో ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ 76 ఏళ్ళ వయసులో తిరిగొచ్చాడు. ఈ కథ అందరూ చెప్తారు. కాకినాడలో థామస్ గాబ్రియేల్ అనే మన తెలుగాయన తంతి శాఖలో ప్రభుత్వ ఉద్యోగం వదులుకుని సువార్త పనికి దిగాడు, ఆయన కదిలిస్తేనే 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడ వచ్చారు. ఈ కథ అంత మంది చెప్పరు. ఇంక పల్లెల్లో కాలినడకన తిరిగిన ఉపదేశులు, బైబిలు స్త్రీల పేర్లయితే గోడ మీద కూడా ఉండవు.

అలాంటి ఒకామె నాకు తెలుసు కాబట్టి చెప్తాను. మా సంఘంలో ఒక పెద్దమ్మ లేసు అల్లేది. మొన్నీమధ్య జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన నరసాపురం లేసు, మిషనరీల ద్వారా మన ఇళ్ళల్లోకి వచ్చిన పనే. ఆమెకి చదువు రాదు. భర్త చాలా ఏళ్ళు గుడికి వెళ్ళనివ్వలేదు. అరుగు మీద కూర్చుని, దారపు ఉండ దొర్లిపోకుండా పాత బోర్నవిటా డబ్బాలో వేసుకుని, కొక్కెం సూదితో పువ్వు తర్వాత పువ్వు అల్లేది. ఒక్కో పువ్వు మొదలుపెట్టేటప్పుడు ఒక ఇంటి పేరు పెదాలతో అనుకునేది. ఆ పువ్వు అయ్యేదాకా ఆ ఇంటి కోసం ప్రార్థన. ముడి వేసి దారం తుంపగానే పక్కింటికి పోయేది. ఏజెంటు వచ్చి డజన్ల లెక్కన పట్టుకెళ్ళేవాడు, పాపం వాడికేం తెలుసు. మా ఇంటి వంతు కూడా ఉండేదట. సండేస్కూలు నుంచి వెళ్ళే పిల్లల్ని ఆపి, ఇవ్వాళ్టి కంఠత వాక్యం చెప్పించుకుని తనూ నేర్చుకునేది. ఒకసారి అడిగాను, ఇన్నేళ్ళు ఎలా నిలబడ్డావమ్మా అని. ‘ప్రార్థనలో నాకేమీ అనిపించదు పంతులుగారూ, ఎప్పుడో ఒకప్పుడు తప్ప. నేను మర్చిపోతే ఆ ఇంటికి ఎవరున్నారు అని చేస్తా’ అంది. భర్త చివరికి మారాడా అని అందరూ అడుగుతారు. మారలేదు. ఆమెకి మోకాళ్ళ నొప్పులొచ్చాక మాత్రం ఆదివారం రిక్షా మాట్లాడి తనే పంపేవాడు.

ఇప్పుడు రక్షణ నిజమేనా అన్న ప్రశ్న. 2 తిమోతి 4లో పక్కపక్క వచనాల్లో ఇద్దరి పేర్లున్నాయి. పదో వచనంలో దేమా, ఈ లోకాన్ని ప్రేమించి పౌలుని విడిచిపోయాడు. పదకొండో వచనంలో మార్కు, అతన్ని వెంటబెట్టుకుని రా, నాకు పనికొస్తాడు అంటున్నాడు పౌలు. ఈ మార్కు కూడా ఒకప్పుడు పంఫూలియలో సువార్త పని మధ్యలో వదిలేసి ఇంటికి పోయినవాడే. ‘వాడు మనతో వద్దు’ అని అప్పట్లో పట్టుబట్టింది ఈ పౌలే, ఆ గొడవలో బర్నబాతో విడిపోయాడు కూడా (అపొస్తలుల కార్యములు 15). మరి మార్కు ఎలా నిలబడ్డాడు? అతను కొత్తగా ఏదో తీర్మానం చేసుకున్నట్టు బైబిల్లో ఎక్కడా లేదు. బర్నబా అతన్ని వెంటబెట్టుకుని కుప్రకు ఓడెక్కాడు, అంతే రాసుంది. తప్పిపోయినవాడిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ పనిలో పెట్టినవాడు ఒకడున్నాడు. పేతురు సంగతి అంతకన్నా ముందుంది. ప్రభువు ఎవరో తెలియదని అతను బొంకకముందే ‘నీ నమ్మకం తప్పిపోకుండా నీ కోసం వేడుకున్నాను’ అని ప్రభువు చెప్పాడు (లూకా 22:32). పేతురు గట్టిగా చేసిన తీర్మానం, ‘చావడానికైనా సిద్ధం’ అన్నది, కోడి కూసేలోపు పోయింది. ఆ వేడుకోలు మాత్రం పోలేదు. నువ్వు ఆరు నెలలుగా దీని గురించి నిద్రపట్టక రాస్తున్నావంటే, నిన్ను పట్టుకున్న చెయ్యి వదల్లేదనే నేను అనుకుంటాను. అలా అని మందు తాగింది చిన్న విషయం అనట్లేదు. దాన్ని పాపం అని పేరు పెట్టి ఒప్పుకో. ఒప్పుకున్నాక రోజూ తవ్వుకోకు.

ఇక మంగళవారం పని. నీది రాత్రి డ్యూటీ కాబట్టి పొద్దున్నే లేచి గంట ప్రార్థన అనే సలహా నీకు పనికిరాదు, ఆ టైముకి నువ్వు పడుకోబోతుంటావు. తెల్లవారుజామునే చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయా, రొయ్యలు పైకి తేలుతున్నాయా అని ఆ వేళకి నువ్వు ఎలాగూ మెలకువగా ఉంటావు. మూడున్నర ప్రాంతంలో గట్టు చుట్టూ ఒక రౌండ్ వేసి షెడ్‌లోకి వచ్చాక మంచం మీద కూర్చో. ఫోనులో డేటా ఆపేయ్. కాగితం బైబిలే పెట్టుకో, ఫోనులో చదువుతా అంటే రెండో వచనానికి రీల్స్ వస్తాయి. మార్కు సువార్త మొదలుపెట్టు, 16 అధ్యాయాలే. రోజుకి ఒక సంఘటన చాలు. తర్వాత పైకి వినబడేలా ప్రార్థన చెయ్, గట్టు మీద నిన్ను చూసి నవ్వేవాడెవడూ లేడు. మాటలు రాకపోతే పరలోక ప్రార్థన మెల్లగా చెప్పి, మీ ఆవిడ, పిల్లలు, తమ్ముడు, నిన్ను ‘విశ్వాసం తక్కువ’ అన్నాయన, ఇలా నలుగురి పేర్లు చెప్పు. మొత్తం పావుగంట. మధ్యలో కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తు, ఆ రోజుకి అంతే, మర్నాడు రెట్టింపు చేయొద్దు. కొన్ని నెలలదాకా దీనికి ఏమీ కలపకు. ఉపవాసాలు వద్దు, 40 రోజుల మొక్కుబడులు వద్దు. నీలాంటివాళ్ళు పోయేది ఎక్కువ తలకెత్తుకునే.

ఆదివారం గురించి చెరువు భాగస్వామితో ముందే మాట్లాడుకో. నువ్వు అతనికి శనివారం పగలు చేసిపెట్టు, ఆదివారం పొద్దున అతను నీకు చేస్తాడు. మీది వారం వారం రొట్టె విరిచే (ప్రభు భోజనం తీసుకునే) సంఘం కాబట్టి అది నీకు పెద్ద ఆసరా, వదులుకోకు. నిద్ర కళ్ళతో వెళ్ళినా, చివరి వరసలో జోగినా, వెళ్ళు. పట్టుబడి పడి రాలేని ఆదివారం ఉంటుంది, తప్పదు. అప్పుడు రానని ముందురోజే ఒకరికి ఫోను చేసి చెప్పు. చెప్పకుండా మానేసిన ఆదివారమే రెండో ఆదివారాన్ని కూడా మింగుతుంది.

ఆ ఒకరు ఎవరు? నిన్ను చూసి జాలిపడే స్నేహితుడు కాదు, పెద్ద ప్రసంగీకుడూ కాదు. ‘ఈసారి పట్టుబడి రోజు ఎన్నింటికి ఇంటికొచ్చావు’ అని మొహమాటం లేకుండా అడగగలిగిన పెద్దాయన. ఆ రోజు విషయంలో నా సలహా కూడా ఇదే: లారీ కదిలి లెక్క తేలగానే ఇంటికి వచ్చేయ్. అక్కడ కూర్చుని తాగకుండా ఉంటాను అని పౌరుషానికి పోవద్దు. తాగకుండా ఉండలేని పరిస్థితికి వచ్చిందనిపిస్తే దాచుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళు, అది విశ్వాసానికి అవమానం కాదు. మీ ఆవిడ ‘గుడికి ఎందుకు రావట్లేదు’ అని రోజూ గొడవ పెడుతోందని విసుక్కుంటూ రాశావు. నీ లెటర్ మొత్తంలో నాకు బాగా ధైర్యం ఇచ్చిన వాక్యం అదే. ఒకరినొకరు పురికొల్పుకోమని హెబ్రీయుల పత్రికలో రాసింది (10:24) ఆమె చేస్తోంది.

యూట్యూబులో రోజూ ముగ్గురు నలుగురు ప్రసంగీకుల్ని వింటున్నాను, అయినా మార్పు లేదన్నావు. వాళ్ళెవరికీ నీ పేరు తెలియదు, నువ్వు రాకపోతే అడగరు, నీకు ఒళ్ళు బాగోకపోతే కొబ్బరిబోండాం తీసుకుని ఇంటికి రారు. మంచి వాక్యం ఉంటే విను, దాన్ని సంఘం కింద లెక్కేసుకోకు.

మళ్ళీ బాప్తిస్మం అక్కర్లేదు. ఎఫెసీ 4:5లో ఒకటే బాప్తిస్మం అని ఉంది, మార్కుకి గానీ పేతురుకి గానీ రెండోసారి ఎవరూ ఇవ్వలేదు. మొదటిది చెల్లదు, మా దగ్గర తీసుకో అని ఎవరైనా మీ ఊరు వస్తే మర్యాదగా టీ ఇచ్చి పంపించు. ఈ శనివారం సాయంత్రం మీ సంఘ పెద్ద ఇంటికి వెళ్ళు. ఆదివారం గుడి మెట్ల మీద నలుగురి మధ్య చెప్పలేవు. ఒంటరిగా మొహం చెల్లకపోతే మీ ఆవిడని తీసుకెళ్ళు. మందు సంగతి, పేరు తీయించమంటున్న సంగతి, అప్పులు ఎంతున్నాయన్నదీ చెప్పు. అప్పులు దాచి మిగతావి చెప్తే ఆయన సగమే సాయం చేయగలడు.

జనవరి కూటాలకి కూడా వెళ్ళమన్నాను కదా. పిలుపు ఇచ్చే టైముకి అందరూ స్టేజీ ముందే ఉంటారు, వెనక భోజనాల దగ్గర వడ్డించడానికి మనుషులు చాలరు. నీ పేరు ఇప్పుడే అక్కడ రాయించుకో.